పిత్తాశయపు రాళ్లు - మన నగరంలో కత్తి భయం కథ

బక్రీదు నాడు కుర్బానీ మాంసం కోసే ఖసాయిని దగ్గరుండి చూచిన వారికి ఈ సంగతి తెలిసే ఉంటుంది. అంతసేపూ చకచకా నడిచే ఆయన చెయ్యి కలేజా బయటికి తీసేటప్పుడు మాత్రం కాస్త నెమ్మదిస్తుంది. కలేజా అడుగున అంటుకొని ఒక ఆకుపచ్చని చిన్న తిత్తి ఉంటుంది. దానికి గాటు పడకుండా ఒడుపుగా తీసి పారవేస్తాడు. అది పగిలిందా, కలేజా అంతా చేదు విషమే. ఉర్దూలో దానిని పిత్తా అంటాము, తెలుగులో పిత్తాశయము. హనఫీ ఫిఖాలో హలాల్ జంతువులోనైనా తినరాదని చెప్పిన ఏడు భాగాలలో ఈ పిత్తా కూడా ఒకటి.

మనిషిలోనూ ఈ తిత్తి ఉన్నది. కుడివైపు పక్కటెముకల క్రింద, కాలేయానికి అంటుకొని, వంకాయ ఆకారంలో మూడు నాలుగు అంగుళాల పొడవు ఉంటుంది. కాలేయం రోజుకు ముప్పావు లీటరుకు అటూ ఇటూగా పసరు తయారు చేస్తుంది. దానిలో కొంత ఈ తిత్తిలో చేరి, నీరు ఇంకిపోయి, చిక్కబడి, మనం నూనె, నెయ్యి పడిన తిండి తిన్నప్పుడు పేగులోనికి దిగుతుంది. తిత్తిలో పట్టేది 30 నుండి 50 మిల్లీలీటర్లు, అనగా ఇరానీ హోటలులో ఇచ్చే చాయ్‌లో సగము కూడా కాదు. ఇది లేకపోతే బ్రతకలేమా అంటే, బ్రతకగలము. గుర్రానికి లేదు, ఒంటెకు లేదు, పావురానికి లేదు. అవన్నీ బాగానే ఉన్నవి గదా!

ఈ చిన్న తిత్తిలో రాళ్లు పుట్టడము, ఆ రాయి తిత్తి మూతికి అడ్డుపడడము, తిత్తి వాచి చీము పట్టడము, ఇదీ జబ్బు. ఈ జబ్బు గురించి ఈ సంచికలో వ్రాయడానికి కారణం ఉన్నది. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతంలో ఈనాడు వీధి వీధికీ స్కానింగు సెంటరు ఉన్నది. కడుపు నొప్పి అని పోతే అరగంటలో రిపోర్టు చేతికి వస్తుంది. రిపోర్టులో "పిత్తాశయంలో రాళ్లు" అని ఉంటే దానిని దిండు క్రింద దాచుకొని, ఆపరేషన్ మాట ఎత్తితే "కత్తి పెడితే మనిషి మిగలడు" అనే వారు, ముఖ్యంగా ఆడవారు, మన ఇళ్లలో ఎందరో ఉన్నారు. వారిని తెలివి తక్కువ వారని మేము అనము. ఆ భయం గాలిలో నుండి పుట్టలేదు. తాతల కాలంలో అది ముమ్మాటికీ నిజమైన భయమే. ఎప్పటి వరకు నిజము, ఎప్పటి నుండి కాదు, అనేది చూడాలంటే కొంచెం చరిత్ర తిరగవేయాలి.

హకీములతో మొదలుపెడదాము. యూనానీ వైద్యంలో మనిషి ఒంట్లో నాలుగు ఖిల్తులు, వాటిలో పసుపు పచ్చనిది సఫ్రా. ఆ సఫ్రా నిలువ ఉండే చోటు మరారా, అదే ఈ పిత్తాశయము. సఫ్రా పోయే దారి మూసుకొంటే కండ్లు పచ్చబడి యర్కాన్ వస్తుందని, మలము తెల్లబడుతుందని ఇబ్నె సీనా వంటి వారు వెయ్యేళ్ల క్రిందటే ఎరుగుదురు. హైదరాబాదు హకీములు నబ్జ్ పట్టి, కారూరా చూచి, సఫ్రా ఎక్కువైందని గ్రహించి పథ్యము పెట్టేవారు. నెయ్యి మానిపించేవారు. ఇది ఒట్టి మాట కాదు, నెయ్యి మానితే తిత్తి గట్టిగా ముడుచుకోదు, నొప్పి తగ్గుతుంది. అయితే నొప్పి తగ్గినంత మాత్రాన రాయి కరగదు. లోపలి రాయిని చూచే సాధనం వారికి లేదు, తీసే సాధనం అంతకన్నా లేదు. అది ప్రపంచంలో ఎవరికీ లేని కాలము.

1846లో నాలుగవ నిజాము నాసిరుద్దౌలా కాలంలో హైదరాబాదులో మెడికల్ స్కూలు తెరిచినారు. పాశ్చాత్య వైద్యము ఉర్దూలో చెప్పిన బడి అది. 1866లో అఫ్జల్ గంజ్ దవాఖానా వచ్చింది. శస్త్రవైద్యానికి అప్పటికి ఉన్న పెద్ద ఆధారము క్లోరోఫాం. దాని మీద మన నగరంలో జరిగిన పరిశోధన గురించి బడి పుస్తకాలలో ఎందుకు చెప్పరో మాకు అర్థం కాదు. రెసిడెన్సీ సర్జనుగా వచ్చి, మెడికల్ స్కూలుకు ప్రిన్సిపాలు అయిన ఎడ్వర్డ్ లారీ దొరకు క్లోరోఫాం మీద గొప్ప నమ్మకము. మత్తులో మనిషి చనిపోయేది గుండె ఆగి కాదు, ఊపిరి ఆగి అని ఆయన వాదము. కావున నాడి కాదు, శ్వాసను కనిపెట్టి ఉండమనేవాడు. ఇది రుజువు చేయడానికి 1888లో మొదటి హైదరాబాదు క్లోరోఫాం కమిషన్ ఏర్పడింది. లండనులోని లాన్సెట్ పత్రిక ఒప్పుకోలేదు. అప్పుడు ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ వెయ్యి పౌండ్లు ఇచ్చి, ఆ పత్రిక పంపిన లాడర్ బ్రంటన్ అనే పెద్ద వైద్యుని ఇచ్చటికే రప్పించినాడు. 1889లో రెండవ కమిషన్ కూర్చున్నది. వందలాది జంతువుల మీద పరీక్షలు జరిపి, చివరికి లారీ మాటనే నిజమన్నది.

తరువాత తేలిందేమంటే, ఆ నిర్ణయము పూర్తిగా సరి కాదు. 1911లో లెవీ అనే ఇంగ్లీషు వైద్యుడు, తేలిక మత్తులో క్లోరోఫాం గుండె లయను చెదరగొట్టి హఠాత్తుగా చంపగలదని పరీక్ష చేసి చూపినాడు. అది చాలదన్నట్టు క్లోరోఫాం కాలేయాన్ని కూడా దెబ్బ తీస్తుందని బయటపడింది. ఆపరేషన్ బాగానే జరిగి, రెండు మూడు రోజులకు కామెర్లు వచ్చి పోయినవారు ఉన్నారు. కాలేయం ప్రక్కనే ఉన్న తిత్తిని కోయడానికి కాలేయాన్నే పాడుచేసే మత్తు! అయినా హైదరాబాదు కమిషన్ వృథా కాలేదు. మత్తు ఇచ్చేవారు రోగి శ్వాస మీద నుండి దృష్టి తీయరాదన్న పాఠము ఇక్కడి నుండి నలుమూలలకూ పోయింది. ఆ రోజులలోనే ఈ మెడికల్ స్కూలులో చదివిన రూపాబాయి ఫర్దూంజీ అనే పార్సీ వనిత మత్తు ఇవ్వడంలో ఆరితేరి, ప్రపంచంలోనే మొదటి మహిళా మత్తు వైద్యురాలిగా పేరు పొందినారు. పరదా పాటించే స్త్రీలకు ఆపరేషన్ గదిలో తలవద్ద ఒక ఆడమనిషి నిలబడి ఉండడము ఎంత ధైర్యమో వేరే చెప్పాలా.

ఇదే కాలంలో జర్మనీలో అసలు సంగతి జరిగింది. 1882 జూలై 15న బెర్లినులో కార్ల్ లాంగెన్‌బుక్ అనే సర్జను, పదహారేండ్లుగా ఈ నొప్పితో నలిగిపోయిన 43 ఏండ్ల మనిషికి పిత్తాశయాన్ని మొత్తంగా తీసివేసినాడు. అంతకు ముందు ఎవరైనా తిత్తిని తెరిచి రాళ్లు తీసి వదిలేసేవారు, మళ్లీ రాళ్లు పుట్టేవి. రాళ్లున్నాయని కాదు, రాళ్లు పుట్టించేది అదే గనుక తిత్తినే తీసివేయాలని లాంగెన్‌బుక్ తర్కము. మరునాడు ఆ రోగి మంచం మీద కూర్చొని చుట్ట కాల్చినాడట. ఆ ఏడే అమెరికాలో హాల్‌స్టెడ్ అనే సర్జను, జబ్బుపడిన కన్నతల్లికి అర్ధరాత్రి దాటాక వంటింటి బల్ల మీదే ఆపరేషన్ చేసి, చీమును రాళ్లను తీసి బ్రతికించుకొన్నాడు. నలభై ఏండ్ల తరువాత, 1922లో, అదే హాల్‌స్టెడ్ తన పిత్తాశయపు రాళ్ల ఆపరేషన్ తరువాత వచ్చిన చిక్కులతోనే చనిపోయినాడు. అంతటి చేయి తిరిగిన సర్జనుకే ఆ గతి పట్టిన రోజులలో, మన ముత్తవ్వలు కత్తి అంటే వణికినారంటే తప్పెవరిది?

భయానికి ఇంకా రెండు గట్టి కారణాలు ఉండేవి. ఒకటి రక్తము. రాయి జారి పసరు కాలువలో పడితే కామెర్లు వస్తాయి. కామెర్ల రోగికి కత్తి పెడితే రక్తము గడ్డ కట్టేది కాదు, కారుతూనే ఉండేది. ఎందుకో ఎవరికీ తెలియదు. 1930ల దశకంలో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు హెన్రిక్ డామ్ విటమిన్ కె కనుగొన్నాడు. పసరు పేగులోకి దిగకపోతే ఆ విటమిను ఒంటికి పట్టదు, అందువల్లనే రక్తము ఆగదు అని తేలింది. ఒక సూది మందుతో ఆ గండము గడిచింది. 1943 నోబెల్ బహుమానములో డామ్‌కు వాటా దక్కినది దీనికే. రెండవ కారణము చీము. 1940లలో పెన్సిలిన్ వచ్చే దాకా చీము పట్టిన కడుపుకు అల్లా దయ తప్ప మందు లేదు. మా లెక్కలో భయము నిజమైన కాలము ఇక్కడితో ముగిసింది. మనసులో మాత్రం ముగియలేదు.

ఈలోగా మన నగరంలో 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి అఫ్జల్ గంజ్ దవాఖానాను ముంచి పారవేసింది. అక్కడి చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకొన్నారని చెప్పుకొంటాము, ఆ చెట్టు ఉస్మానియా ఆవరణలో ఉన్నది. ఏడవ నిజాము 1920ల దశకంలో అక్కడే ఉస్మానియా దవాఖానా కట్టించినాడు. రెండు తరాల పాటు హైదరాబాదులో పెద్ద ఆపరేషన్ అంటే ఉస్మానియాయే.

ఆ రోజులలో రాయిని కనిపెట్టడమే ఒక తతంగము. మామూలు ఎక్స్‌రేలో పదింట ఒక రాయి కనిపిస్తే గొప్ప. 1924లో అమెరికాలో గ్రాహం, కోల్ అనే ఇద్దరు పిత్తాశయములో చేరి ఎక్స్‌రేలో కనబడే మందు కనుగొన్నారు. అటు తరువాత దానిని మాత్రలుగా చేసినారు. ముందు రోజు రాత్రి మాత్రలు మింగి, ఏమీ తినక, తెల్లవారి ఎక్స్‌రే తీయించుకొని, ఆపైన గ్రుడ్లో వెన్నో తిని తిత్తి ముడుచుకొంటుందా లేదా అని మళ్లీ ఫోటో తీయించుకొనేవారు. మా పెద్దలలో కొందరికి ఆ మాత్రలు, ఆ వాంతులు ఇంకా జ్ఞాపకమే. స్కానింగు వచ్చి ఈ బాధ తప్పించింది. శబ్దతరంగాలతో చూచేది గనుక గర్భవతికి కూడా హాని లేదు.

రాయి తేలిన తరువాత కుడి పక్కటెముకల క్రింద జానెడు కోత. వారము పది రోజులు దవాఖానా మంచము, నెల పైన ఇంట్లో మంచము. బరువు ఎత్తరాదు, బిందె ఎత్తరాదు. ఇల్లంతా తన చేతి మీద నడిచే ఆడమనిషికి అది సాగే పనేనా? అందుకని నొప్పి వచ్చినప్పుడల్లా సోడా త్రాగి, వాము నమిలి, "గ్యాసు" అని సర్దుకొనేవారు. ఒకసారి సర్దుకొన్నారు, రెండుసార్లు సర్దుకొన్నారు. భయానికి కత్తి ఎంత కారణమో ఈ నెల రోజుల మంచము కూడా అంతే కారణమని మా అభిప్రాయము. దీని గురించి వైద్యులు తక్కువ ఆలోచించినారు.

రాళ్లు అన్నీ ఒకటి కావు. కొలెస్టరాల్‌తో ఏర్పడినవి పసుపుగా ఉంటాయి. రక్తంలోని రంగు పదార్థముతో ఏర్పడినవి నల్లగానో గోధుమ రంగులోనో ఉంటాయి. 1968లో డాక్టర్ మల్హోత్రా మన దేశపు రైల్వే ఉద్యోగులను పరిశీలించి, దక్షిణాది వారికన్న ఉత్తరాది వారిలో ఈ జబ్బు ఏడు రెట్లు ఎక్కువని ప్రకటించినాడు. ఒకే రైల్వే, ఒకే రకము కొలువు, జబ్బు మాత్రం ఏడింతల తేడా! ఉత్తరాదిన కొలెస్టరాల్ రాళ్లు ఎక్కువని, మన వైపు రంగు రాళ్ల పాలు హెచ్చని తరువాతి సర్జనులు గమనించినారు. హైదరాబాదు అటూ ఇటూ కలిసిన ఊరు గనుక ఇక్కడ దవాఖానాలలో రెండు రకాలూ కనిపిస్తాయి. నలభై దాటిన స్త్రీలు, పలు కాన్పులైన వారు, ఒళ్లు చేసిన వారు, ఉపవాసాలతో గబగబా ఒళ్లు తగ్గించుకొన్నవారు, షుగరు ఉన్నవారు, వీరికి రాళ్లు పుట్టే అవకాశము హెచ్చు. తలసీమియా వంటి రక్తపు జబ్బులున్న చిన్నపిల్లలకు కూడా నల్ల రాళ్లు వస్తాయి.

నారాయణగూడలోని ఐ.పి.ఎం., అనగా ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థకు, ఈ తిత్తికి ఒక సంబంధము ఉన్నది. అక్కడ త్రాగునీటిని పరీక్షిస్తారు. చెడ్డ నీటితో వచ్చే టైఫాయిడ్ నయమైన తరువాత కూడా, కొందరిలో ఆ క్రిమి పిత్తాశయపు రాళ్ల మీద పాకుడులాగా అంటుకొని ఏండ్ల తరబడి బ్రతుకుతుంది. మనిషికి ఏ బాధా ఉండదు, ఆయన చేతి వంట తిన్నవారికి జ్వరము. 1907లో న్యూయార్కులో పట్టుబడిన మేరీ మాలన్ అనే వంటమనిషి కథ ఇదే. పిత్తాశయము తీయించుకొమ్మంటే ఆమె ససేమిరా ఒప్పుకోలేదు. కత్తి భయము మన గల్లీలకే పరిమితము కాదన్న మాట.

ఇక కోత పొట్టిదైన సంగతి. 1985 సెప్టెంబరు 12న జర్మనీలో ఎరిక్ మ్యూహె అనే సర్జను, పొట్ట కోయకుండా గొట్టము లోనికి పంపి పిత్తాశయము తీసినాడు. తోటి సర్జనులు మెచ్చుకోలేదు సరిగదా, ఎగతాళి చేసినారు. ఒక రోగి మరణించగా కోర్టుకు కూడా ఎక్కించినారు. ఆయన తప్పు లేదని తరువాత తేలింది. 1987లో ఫ్రాన్సులో ఫిలిప్ మూరే కెమెరా సాయముతో ఇదే చేసిన తరువాత ప్రపంచము కళ్లు తెరిచింది. మూడేండ్లకే, 1990లో, బొంబాయి జె.జె. హాస్పిటలులో డాక్టర్ తెహెంతన్ ఉద్వాడియా మన దేశంలో మొదటిసారి ఈ పద్ధతిలో పిత్తాశయము తీసినారు. జానెడు కోత పోయి, వ్రేలు పట్టేంత మూడు నాలుగు రంధ్రాలు మిగిలినవి. ఒకటి రెండు రోజులలో ఇల్లు చేరడము, వారము పది రోజులలో ఇంటి పని అందుకోవడము చాలామందికి మామూలైపోయింది. వాపు మరీ ముదిరితే పాత పద్ధతిలో కోయవలసి వస్తుంది, అది నేటికీ ఉన్నది.

రాయి తిత్తి దాటి కాలువలో పడితే కోసి తీయడము ఇదివరలో మహా కష్టము. 1974లో జర్మనీలోను, జపానులోను నోటి ద్వారా దుర్భిణి గొట్టము పేగు దాకా పంపి, కాలువ మూతిని కొంచెం కోసి రాయిని బయటికి లాగే విద్య కనిపెట్టినారు. ఈ విద్యలో హైదరాబాదు పేరు ప్రపంచానికి తెలిసింది. కర్నూలు మెడికల్ కాలేజీలో చదివిన డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి సోమాజీగూడలో ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ స్థాపించి, దేశ విదేశాల వైద్యులకు ఈ విద్య నేర్పినారు. 2002లో పద్మశ్రీ, 2016లో పద్మభూషణ్, 2025లో పద్మవిభూషణ్ ఆయనను వరించినవి. క్లోరోఫాం పంచాయితీ తీర్చడానికి లండను నుండి వైద్యుని రప్పించుకొన్న ఊరికి, ఇప్పుడు నేర్చుకొనడానికి బయటి వైద్యులు వస్తున్నారు.

ఇంత జరిగినా రిపోర్టు దిండు క్రిందనే ఉంటున్నది గదా, దానిని గురించి రెండు ముక్కలు. రాయి ఉన్న ప్రతివారూ ఆపరేషన్ చేయించుకోవాలన్నది నిజము కాదు. వేరే పని మీద స్కానింగు తీస్తే రాయి కనబడింది, ఎన్నడూ నొప్పి లేదు, అటువంటి వారిలో ఎక్కువ మంది జీవితాంతము బాధ లేకుండానే ఉంటారు. డాక్టరు ప్రత్యేకించి కారణము చెబితే తప్ప వారిని కంగారు పెట్టి బల్ల ఎక్కించడము మాకు నచ్చదు. నొప్పి మొదలైన వారి సంగతి వేరు. రంజాను నెలలో ఇఫ్తారుకు మిర్చీలు, సమోసాలు, ఆపైన హలీం తిని, రాత్రి పది పదకొండుకు కుడి డొక్కలో పట్టి, వీపుకో కుడి భుజానికో ప్రాకే నొప్పి గ్యాసు కాదు. పగలంతా నిండి ఉన్న తిత్తి ఒక్కసారిగా ముడుచుకొని రాయిని మూతికి నెట్టింది. గంటా రెండు గంటలకు అదే తగ్గితే, స్థిమితముగా డాక్టరును చూచి రోజు నిర్ణయించుకోవచ్చును. నాలుగైదు గంటలైనా వదలక, జ్వరము, వాంతులు తోడై, ఊపిరి పీల్చినప్పుడు డొక్క పట్టివేస్తే తిత్తి వాచిందన్న మాట. కండ్లు పచ్చబడితే, చలి పుట్టి వణికితే ఆ రాత్రే పోవాలి. షుగరు ఉన్నవారిలో, ముసలివారిలో నొప్పి అంతగా తెలియకుండానే తిత్తి కుళ్లిపోతుంది. వారి విషయములో తెల్లవారనీ అని ఆగరాదు.

ఇదివరకు వాచిన తిత్తికి మందులిచ్చి, ఆరు వారాలు ఆగి రమ్మనేవారు. ఆ మాట ఇంకా మన ఇండ్లలో తిరుగుతున్నది. అది పాతబడింది. వీలైనంత వరకు వాపు మొదలైన మూడు రోజులలో, లేదా వారములోపల తీసివేయడమే మేలని ఈనాటి వైద్యుల మాట. ఆగినవారిలో మళ్లీ దాడి వచ్చి దవాఖానా పాలైనవారు చాలామంది.

రాయి కరిగించే మందుల మాట కూడా అడుగుతారు. అర్సోడియాక్సికోలిక్ ఆమ్లము అనే మందు ఉన్నది. సున్నము పట్టని చిన్న కొలెస్టరాల్ రాళ్లకే పని చేస్తుంది, నెలల తరబడి మింగాలి, మానిన ఐదేండ్లలో సగము మందికి మళ్లీ రాళ్లు వస్తాయి. మన వైపు ఎక్కువగా ఉన్న నల్ల రాళ్ల మీద దాని ఆట సాగదు. ఇక ఆలివు నూనె, నిమ్మరసము కలిపి రాత్రి త్రాగితే తెల్లవారి రాళ్లు పడతాయని ఒక చిట్కా ఊరంతా తిరుగుతున్నది. పడే ఆకుపచ్చ ఉండలను చూచి జనం మురిసిపోతున్నారు. 2005లో లాన్సెట్ పత్రికలో ఆ ఉండలను పరీక్షించి వ్రాసినారు. అవి త్రాగిన నూనె కడుపులో సబ్బుగా మారి కట్టిన ముద్దలు మాత్రమే. అసలు రాళ్లు తిత్తిలో ఉన్నవి ఉన్నట్టే ఉన్నవి.

మన ప్రాంతం వారికి దగ్గరి సర్కారీ పెద్దాసుపత్రి గాంధీ. పూర్వము సికింద్రాబాదులో ఉండేది, 2003లో ముషీరాబాదు పాత జైలు స్థలానికి మారింది. చిక్కడపల్లి నుండి ఆటోలో పది పదిహేను నిమిషాలు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకము పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరులో పది లక్షలకు పెంచినారు. రేషను కార్డు, ఆధారు, పాత స్కానింగు రిపోర్టులు వెంట తీసుకొని, ఈ ఆపరేషన్ జాబితాలో ఏ దవాఖానాకు వర్తిస్తుందో ఆరోగ్యమిత్ర వద్ద ముందే అడిగి తెలుసుకొంటే తిరుగుడు తప్పుతుంది.

ఆపరేషన్ అయిన తరువాత రాళ్లను చిన్న సీసాలో వేసి ఇంటివారి చేతికి ఇస్తారు. చూడవచ్చిన చుట్టాలకు అందరికీ ఆ సీసా చూపించడము మనలో ఆనవాయితీ అయిపోయింది. చూపించుకోనీ, తప్పు లేదు. కాని తీసిన తిత్తి సంగతి ఎవరూ అడగరు. దానిని పరీక్షకు పంపినారా అని డాక్టరును అడగండి, ఆ రిపోర్టు తెచ్చి దాచుకోండి. అరుదుగా ఆ తిత్తి గోడలో పుండు దాగి ఉండి, ఆ కాగితములోనే మొదటిసారి బయటపడుతుంది.